పానశాల పిల్ల.. కరెన్సీ నోటు మీద!

1997లో డెన్మార్క్ 200 క్రోనర్ల కొత్త నోటు విడుదల చేసింది. దాని మీద రాజు బొమ్మ లేదు, రాణి బొమ్మా లేదు. ఒక రంగస్థల నటి బొమ్మ ఉంది. ఆమె పేరు యోహన్నె లూయిసె హైబర్గ్. అప్పటికి ఆమె చనిపోయి నూరేళ్లు దాటింది. పైగా సినిమా రాకముందే పోయిన మనిషి. ఆమె నటనను మనం చూసే అవకాశమే లేదు. అయినా నోటెక్కారు!

మా ఇంట్లో ఈ ఫీల్డ్‌లో ఎవరూ లేరండీ, దారి చూపేవాళ్లెవరు అని మీలో చాలామంది అంటుంటారు కదా. యోహన్నె సంగతి చూడండి. 1812 నవంబరు 22న కోపెన్‌హేగెన్‌లో పుట్టారు. అమ్మానాన్నలు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు. నాన్న క్యాథలిక్, అమ్మ యూదు. చిన్న పానశాల నడుపుకొని బతికేవారు. ఇల్లు గడవడమే కష్టం. ఎనిమిదేళ్ల వయసులో పాపను రాయల్ థియేటర్ బ్యాలే స్కూల్లో చేర్పించారు.

అదే స్కూల్లో అప్పట్లో ఓ పేద కుర్రాడు కూడా ఉండేవాడు. నటుడు కావాలని రాజధానికి వచ్చాడు. ఒకే బ్యాలే కార్యక్రమ పత్రంలో ఇద్దరి పేర్లూ అచ్చయ్యాయి. అతన్ని తర్వాత థియేటర్ వాళ్లు పంపించేశారు. అతనే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. మనం చిన్నప్పుడు చదివిన చిట్టి మత్స్యకన్య కథ రాసింది ఆయనే.

యోహన్నె డ్యాన్స్ దగ్గరే ఆగలేదు, మాటల పాత్రల్లోకి మారారు. 1828లో, ఇంకా 16 నిండకముందే, షేక్స్‌పియర్ జూలియట్‌గా నటించారు. అదే ఏడాది నవంబరులో వచ్చిన ‘ఎల్వర్‌హోయ్’ నాటకంలో ఆగ్నెతె పాత్ర. ఆ నాటకాన్ని డేనిష్‌వాళ్లు తమ జాతీయ నాటకంగా చెప్పుకొంటారు. రాసింది యోహాన్ లుద్విగ్ హైబర్గ్. పాటలతో సాగే హాస్య నాటకం ‘వాడెవిల్’ను డెన్మార్క్‌కు తెచ్చిన రచయిత. 1831లో ఆయన్నే పెళ్లి చేసుకున్నారు. ఆమెకు 18, ఆయనకు 39. భర్త పలుకుబడితో పైకొచ్చిందిలే అనుకుంటున్నారా? తేదీలు మరోసారి చూడండి. జూలియట్ ముందు, పెళ్లి తర్వాత.

అసలు పరీక్ష 1847లో వచ్చింది. 34 ఏళ్ల వయసులో మళ్లీ జూలియట్ వేయాల్సి వచ్చింది. పద్నాలుగేళ్లు కూడా నిండని పిల్ల పాత్ర అది! 19 ఏళ్ల కిందట ఆమెను అదే వేషంలో చూసినవాళ్లు ఇంకా హాల్లో ఉంటారు. అప్పటి ముఖంతో ఇప్పటి ముఖాన్ని పోల్చకుండా ఉంటారా? నటికి వయసైపోయిందని అనడం ఎవరికైనా తేలికే.

దీని మీద తత్వవేత్త సోరెన్ కియర్కెగార్డ్ కలం పట్టారు. 1848 జులైలో ‘ఫేద్రెలండెట్’ పత్రికలో మారుపేరుతో నాలుగు రోజులు వరసగా రాశారు. ఎక్కడా నటి పేరు చెప్పలేదు, కానీ ఎవరి గురించో ఊరందరికీ తెలుసు. ఆయన వాదన ఇంటర్వ్యూలకు తిరుగుతున్న మీకు బాగా అర్థమవుతుంది. పదహారేళ్లప్పుడు సగం పని వయసే చేసి పెడుతుంది, చప్పట్లలో సగం దానికే. ముప్పైనాలుగేళ్లకు ఆ సాయం ఉండదు. అప్పుడు పడుచుదనాన్ని తెలివితో, సాధనతో వేదిక మీద సృష్టించాలి. కాబట్టి కళగా చూస్తే రెండో జూలియట్టే గొప్పదని తేల్చారు. ఒక నటి పని మీద అంత పెద్ద తత్వవేత్త అంత ఓపిగ్గా రాయడం అరుదే.

ఆ ఏడాదే ఆమె సొంతంగా రాసిన వాడెవిల్ ‘ఆమగర్‌లో ఒక ఆదివారం’ వేదికెక్కింది. అంటే చేతిలో ఇంకో స్కిల్!

తర్వాతి రోజులు అంత సుఖంగా సాగలేదు. 1849లో భర్త థియేటర్‌కు డైరెక్టర్ అయ్యారు. హోయెట్ అనే నటుడితో విభేదాలు ముదిరాయి. అతను సహజత్వం కావాలనే కొత్త తరం మనిషి. 1855లో అతనూ, మరో పేరున్న నటుడూ వెళ్లిపోయారు. ఏడాదికి భర్త కూడా పదవి వదిలేశారు. బాస్ భార్య ఆఫీసులోనే పనిచేస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. యోహన్నె కూడా కొంతకాలం వేదికకు దూరంగా ఉన్నారు. 1860లో భర్త పోయారు. పిల్లల్లేని ఆమె తర్వాత ముగ్గురు ఆడపిల్లలను దత్తత తీసుకుని పెంచారు. 1864లో నటనకు స్వస్తి చెప్పారు.

అక్కడితో రిటైర్మెంట్ అనుకోకండి. 1867 నుంచి 1874 దాకా అదే రాయల్ థియేటర్‌లో నాటకాలకు దర్శకత్వం వహించారు. ఓ మహిళకు అలాంటి బాధ్యత దక్కడం ఆ కాలంలో ఊహకందని సంగతి. నార్వే రచయిత హెన్రిక్ ఇబ్సెన్‌కు ఇంకా పెద్ద పేరు రాని రోజుల్లో ఆయన నాటకాలను కోపెన్‌హేగెన్ వేదికకు తెచ్చినవారిలో ఆమె ఒకరు. 1871లో ఇబ్సెన్ ఆమెకు ఏకంగా పద్యాల్లో ఉత్తరం రాశారు.

చివరి రోజుల్లో ఆత్మకథ మీద కూర్చున్నారు. 1890 డిసెంబరు 21న కన్నుమూశారు. ఆ పుస్తకం మరుసటి ఏడాది నుంచి నాలుగు సంపుటాలుగా వెలువడింది. ఆనాటి డేనిష్ నాటకరంగం గురించి తెలుసుకోవాలంటే పరిశోధకులు నేటికీ దాన్నే ముందు తెరుస్తారు.