సామర్లకోట వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్

వసంతము రాగానే భిలాయి పరిసర గ్రామములలో ఇప్పపువ్వు రాలుట మొదలగును. ఇచటివారు దానిని మహువా యందురు. మన పిల్లలకు ఇంట నొక పేరు, వీధిలో నొక పేరు, పాఠ్యపుస్తకమున లాటిను భాషలో మఱియొక పేరు వినబడును. ఈ మూడును ఒక్క చెట్టు పేర్లే యని తెలియుట జీవుల వర్గీకరణ పాఠమునకు తొలిమెట్టు. మన గోదావరి సీమలో ఈ పాఠమును చెట్టు చెట్టునకు సాధన చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లండున జన్మించెను. ఎడింబరోలో జాన్ హోప్ అను ఆచార్యునికడ వృక్షశాస్త్రము నభ్యసించెను. పువ్వులోని కేసరములను, కీలములను లెక్కించి మొక్కలను తరగతులుగా విభజించుట, ప్రతిదానికిని రెండు మాటల పేరు పెట్టుట స్వీడనువాడగు లిన్నేయసు పద్ధతి. హోప్ దానినే బోధించుచుండెను. 1776లో రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్టణము చేరెను. లిన్నేయసు శిష్యుడే యగు కోనిగ్ అప్పటికే దక్షిణదేశమున మొక్కలను పరిశీలించుచుండెను. ఆయన స్నేహము రాక్స్‌బర్గ్‌నకు రెండవ గురుకులమయ్యెను.

1781లో సామర్లకోట ఆయన కార్యస్థాన మయ్యెను. అచట తోట వేసి మిరియము మొదలగు పైరులను పరీక్షించెను. ప్రతి మొక్క పువ్వును విప్పి చూచుట, ఊరివారి నడిగి తెలుగు పేరు వ్రాసికొనుట, దేశీయ చిత్రకారులచే బొమ్మ వ్రాయించుట ఆయన నిత్యకృత్యము. 1785లో కోనిగ్ కాకినాడ చెంత జగన్నాథపురమున, ఈ మిత్రుని శుశ్రూషలో నుండగనే కన్నుమూసెను. 1787 మే నెలలో కోరంగి తీరమును ముంచిన ఉప్పెనలో రాక్స్‌బర్గ్ సేకరించిన మొక్కలు, పుస్తకములు, వ్రాతలు నశించెను. ఆయన నిరాశపడక మరల మొదటినుండి ప్రారంభించెను.

ఆ దీక్షాఫలమే కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథము. అది 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో లండనులో వెలువడెను. లాటిను పేర్లతోపాటు తెలుగు పేర్లకును అందు స్థానము కలిగెను. ఇప్ప, మోదుగ, బీడీలకు వాడు తునికి అందలివే. బొమ్మలు వ్రాసిన దేశీయుల పేర్లు గాని, మొక్కల పేర్లు చెప్పిన గ్రామీణుల పేర్లు గాని అందు లేకపోవుట విచారకరము.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా సమీపమున కంపెనీ వృక్షోద్యానమునకు అధ్యక్షుడయ్యెను. ఆరోగ్యము చెడి 1813లో ఆ పదవిని విడిచి, 1815లో ఎడింబరోలో మరణించెను. భారతదేశ వృక్షజాతులపై ఆయన వ్రాసిన గ్రంథమును అటుపిమ్మట విలియం కేరీ శ్రీరాంపురమున అచ్చు వేయించెను.

కేసరములను లెక్కించి తరగతులు నిర్ణయించు పద్ధతి నేడు లేదు. శాస్త్రజ్ఞులు మొక్కల వంశసంబంధమును బట్టి వర్గీకరించుచున్నారు. రాక్స్‌బర్గ్ ఇప్పకు పెట్టిన పేరు మాఱి, సంస్కృత మధూక శబ్దమునుండి పుట్టిన పేరు వచ్చినది. తునికికి ఆయన పెట్టిన పేరే నిలిచినది. లాటిను పేర్లను కంఠస్థము చేయించుటకు ముందు మన పిల్లల చేతికొక ఇప్పపువ్వు నిచ్చి, దానిని విప్పి చూడుమందము. ఇంటిలోని పేరును, ఇరుగుపొరుగువారి పేరును ప్రక్కప్రక్కన వ్రాయింతము. సామర్లకోటలో ఆయన చేసిన పని యిదియే గదా!