అచ్చుల్ని శృతిదండాలతో పలికించినవాడు

మా నాన్నకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు చీము కారి పోయిందట. ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటే ఆ లోటు తెలియదు. పొలంలో మోటారు ఆడుతుండగా గట్టుమీంచి పిలిస్తే మాత్రం నా గొంతు ఆ రొదలో కలిసిపోతుంది. పాలవాడు వచ్చాడంటే, పూలవాడికి మన పొలంలో ఏం పని అంటాడు. హల్లులన్నీ సరిగ్గానే అందాయి, అచ్చు ఒక్కటే తారుమారైంది. ఎందుకిలా? ధ్వనిశాస్త్రం పాఠంలో ఈ ప్రశ్నే నన్ను హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ ఆసామి దగ్గరికి చేర్చింది.

ఆయన 1821లో పోట్స్‌డామ్‌లో ఒక బడిపంతులు కొడుకుగా పుట్టాడు. భౌతికశాస్త్రం చదవాలని కోరిక. ఇంట్లో డబ్బు లేదు. సైన్యంలో ఎనిమిదేళ్లు డాక్టరుగా పనిచేయాలనే షరతు మీద బెర్లిన్‌లో వైద్యం ఉచితంగా చదివాడు. డిగ్రీయా, సేద్యమా అని మా ఇంట్లోనూ తర్జనభర్జన జరిగింది కనుక ఈ షరతు సంగతి రెండుసార్లు చదివాను. శక్తి నిత్యత్వం మీద 1847లో ఆయన వెలువరించిన వ్యాసం ఆ సైనిక డాక్టరు కొలువులో ఉండగా రాసిందే. అప్పటికి ఇరవయ్యారేళ్లు నిండలేదు!

తర్వాత కొనిగ్స్‌బర్గ్, బాన్, హైడెల్‌బర్గ్. చెవి మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1863లో వచ్చింది. ఒక చెవిని మూసి, రెండో చెవికి బోలుగా ఉన్న గాజు గోళాన్ని ఆనించి వినేవాడు. ప్రతి గోళం తన శృతికి సరిపడే స్వరానికే మోగుతుంది, తక్కినవి అణిగిపోతాయి. జల్లెళ్లు మార్చి ధాన్యం వేరుచేసినట్టు, మనిషి గొంతులోని ప్రాథమిక స్వరాన్నీ, దాని మీది అతిస్వరాలనూ అలా వేరుచేశాడు. ఆపైన అదే పని తిరగేశాడు. విద్యుత్తుతో కంపించే శృతిదండాలను వరసగా పెట్టి, ఒకదాన్ని పెంచి ఒకదాన్ని తగ్గించి, నోరు లేకుండానే అచ్చుల్ని పలికించాడు. జర్మన్ అంతగా రాని గ్రాహంబెల్ ఆ పుస్తకం చూసి, హెల్మ్‌హోల్ట్జ్ అచ్చుల్ని తీగమీద పంపాడని పొరబడ్డాడు. ఆ పొరపాటే ఆయన్ని 1876 నాటి టెలిఫోను దారి పట్టించింది. మనం పరీక్షలో చేసే పొరపాట్లకు ఇంత ఫలితం దక్కదు.

చెవిలో తీగల్లాంటి పోగులు వరసగా ఉండి, ఒక్కోటి ఒక్కో స్వరానికి మోగుతుందని హెల్మ్‌హోల్ట్జ్ ఊహ. కానీ రెండు చెవుల్లోకి రెండు రకాల ధ్వనులు వెళితే? 1957లో బ్రిటన్‌లో బ్రాడ్‌బెంట్, లాడెఫోగెడ్ ఇదే చేసి చూశారు. అచ్చుకు రూపమిచ్చే ముఖ్యమైన అనునాదాల్లో ఒకటి ఒక చెవికి, మరొకటి రెండో చెవికి వినిపించారు. అడుగు శృతి ఒకటే అయితే విన్నవాళ్లకు ఒకే గొంతు వినిపించింది. శృతులు వేరైతే రెండు ధ్వనులుగా విడిపోయింది. అంటే ఏది ఎవరి గొంతో తేల్చే పంచాయితీ చెవిలో ముగియదు, మెదడులో జరుగుతుంది. ఒక చెవికీ రెండో చెవికీ ధ్వని చేరడంలో ఉండే తేడాను బట్టి కూడా మెదడు రొదనూ మాటనూ విడదీస్తుంది. మా నాన్నకు ఆ రెండో సాక్షి లేడు.

సంక్రాంతి సెలవుల్లో మోటారు ఆపి, కుడిపక్కన కూర్చుని ఈ కథంతా ఆయనకు చెప్పాను. ఆ చెవికి మందేమైనా కనిపెట్టాడా అని అడిగాడు. లేదన్నాను. 1851లో కంటి లోపలికి చూసే పరికరం కనిపెట్టాడని చెప్పాను. నాయనమ్మకు శుక్లాలు తీసేముందు డాక్టరు లైటు వేసి చూసింది దాంతోనేనా అన్నాడు. ఆ జాతిదేనన్నాను. తలూపి, లేచి మళ్లీ మోటారు వేశాడు.