తిరిగిరాని సుబ్బారావు గారు

మా అమ్మాయి హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. సంక్రాంతికి చల్లపల్లి వచ్చినప్పుడు, రోజంతా ఏం చేస్తావే అని అడిగాను. చిటికెడు కూడా లేని తెల్లపొడి ఉన్న చిన్న సీసా గురించి చెప్పింది. అది చిట్టెలుక ఒంట్లో ఉండే ప్రొటీనట. ఎలుక నుంచి తీసింది కాదు, ఎలుక జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారు చేయించింది. కణానికి పెరగమనో ఆగమనో కబురు అందించడం దాని పని. ఆ కబురు లోపలికి చేరాలంటే చాలాసార్లు ఏటీపీ అనే పదార్థం నుంచి ఫాస్ఫేటు అందాలట. ఆ ఏటీపీని కనిపెట్టినవాళ్లలో మన భీమవరం ఆయన ఒకరమ్మా అంది.

ఆ తర్వాత మెల్లగా, మూడేళ్లు విదేశంలో పరిశోధనకు అవకాశం వచ్చిందనీ చెప్పింది. నా గుండె జారిపోయింది. ఎందుకంటే యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ నాకు తెలుసు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. పదమూడేళ్లప్పుడు, కాశీలో అరటిపళ్లు అమ్మి సంపాదిస్తానని ఇంట్లోంచి పారిపోబోతే తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. సన్యాసం తీసుకుంటానంటే ఆ తల్లి ఒప్పుకోలేదు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చి, పెద్ద డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్. తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కన్నుమూశారు.

1919లో శేషగిరి గారితో పెళ్లయింది. మామగారి సాయంతో 1922లో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్కే గారితో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతినీ, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ లోకానికి అందించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ గారు కూడా ఏటీపీని విడిగా కనిపెట్టారు.

1940లో లెడర్లే కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. గర్భిణులకు డాక్టరమ్మ రాసే మాత్రలో ఉండేది అదే. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకీ అదే మందయింది. అప్పటికి వాళ్లు పోయి ఇరవై ఏళ్లు దాటింది! పిల్లల రక్తకేన్సర్‌పై 1947లో డాక్టర్ ఫార్బర్ మొదట వాడిన మందు అమినోప్టెరిన్, బోదకాలుకు ఇప్పటికీ ఇస్తున్న డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబ్ నుంచే వచ్చాయి. మా అత్తగారి కాలు తెలిసినవాళ్లకు ఆ మాత్ర విలువ చెప్పక్కర్లేదు.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. మన ప్రభుత్వం 1995లో ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. శేషగిరి గారు మాత్రం 1922 తర్వాత భర్తను చూడనే లేదు. పుట్టిన బిడ్డా దక్కలేదు. ఆ ఎదురుచూపుకు ఏ స్టాంపూ లేదు.

ఆయన గొప్పవారే, కాదనను. కానీ ఆ గొప్పతనం ఖర్చంతా ఎవరు భరించారో ఆడవాళ్లం మనమైనా లెక్క చూడాలి కదా? అమ్మాయిని వెళ్లమనే చెప్పాను. ఏడాదికోసారి మాత్రం ఇంటికి రావాల్సిందే అన్నాను. అప్పుడు ఓడల రోజులు, ఇప్పుడు ఒక్కరోజు ప్రయాణం. ఇక సాకులు చెప్పడానికి వీల్లేదు!