కాళేశ్వరం మీదుగా పడవలు నడపదలచిన కాటన్ దొర

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరు వినని తెలుగు రైతు అరుదు. గోదావరి జిల్లాలలో ఆయన పటానికి దండ వేసే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. అయితే ఆ దొర చూపు ధవళేశ్వరంతో ఆగలేదనీ, మన కాళేశ్వరం మీదుగా నాగపూరు దిక్కుకు పొగపడవలు నడపాలని ఆయన తలపెట్టారనీ, ఆ పడవల కోసమే ఆవలి ఒడ్డున ఉన్న సిరొంచ నిజాం ఏలుబడి నుండి పోయిందనీ మన రామగుండం, గోదావరిఖని, మంథని వైపు తెలిసినవారు తక్కువ. సిరొంచలో చుట్టాలున్నవారు సైతం అది వేరే రాష్ట్రంలో ఎందుకున్నదని అడిగితే చప్పున చెప్పలేరు.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తండ్రికి పదకొండు మంది కుమారులు. ఈయన పదవ వాడు. పదిహేనేళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కాంబ్ సైనిక పాఠశాలలో చేరి, మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం సంపాదించుకున్నారు. 1821లో మద్రాసులో దిగారు. మొదటి పేరు కావేరి మీద వచ్చింది. 1836లో కొల్లడం నది మీద ఎగువ ఆనకట్ట కట్టించారు. దానికి ముందే ఆయన చోళుల నాటి కల్లణ ఆనకట్టను శ్రద్ధగా పరిశీలించారు. అడుగున గట్టి రాయి దొరకని చోట, వట్టి ఇసుక మీద అంత బరువైన కట్టడం ఎట్లా నిలబడుతుందో ఈ దేశపు పాత పనివాళ్ళ నుండే నేర్చుకున్నానని ఆయన తరువాత దాచుకోకుండా రాశారు. తెల్లదొరలలో ఈ గుణం అరుదనే చెప్పాలి.

ఆరోగ్యం చెడి కొంతకాలం టాస్మేనియా ద్వీపానికి వెళ్ళారు. 1841లో అక్కడే వివాహమయింది. తిరిగి వచ్చాక గోదావరి జిల్లా పని చేతికి వచ్చింది. 1830 దశకపు కరువులతోనూ, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనతోనూ ఆ జిల్లా చితికిపోయి ఉన్నది. చుట్టూ గోదావరి పారుతుండగా జనం గింజలు లేక చచ్చిపోవడం ఆయనకు సహించలేదు. 1844లో ఆనకట్ట కట్టాలని నివేదిక పంపారు. 1847లో పని మొదలై 1852 నాటికి ముగిసింది. వీణెం వీరన్న వంటి తెలుగు అధికారులు, వేలాది కూలీలు ఆయనకు కుడిభుజమై నిలిచారు. ఈ కథ అందరూ ఎరిగినదే గనుక ఇక్కడ పెంచనక్కరలేదు.

కాటన్ మనసులో నీరంటే సేద్యం ఒక్కటే అయి ఉంటే కథ అక్కడితో సరి. ఆయనకు కాలువ రెండు విధాల పనికి వచ్చేది: పొలానికి నీరు, సరుకుకు దారి. ఎడ్లబండి మీద వెళ్ళే బరువుకు ఎన్ని రెట్లో ఒక్క పడవ మీద వెళుతుందనీ, రైలు కన్నా నీటి దారి చవక అనీ ఆయన జీవితాంతం వాదించారు. డెల్టా కాలువలన్నింటికీ లాకులు పెట్టించింది అందుకే. లాకు అంటే నీటి గది. ముందూ వెనుకా తలుపులుంటాయి. కింది నుండి వచ్చిన పడవ గదిలోకి చేరగానే వెనుక తలుపు మూస్తారు. పైనుండి నీరు వదిలితే పడవ నీటితో పాటు తానే పైకి లేస్తుంది. అప్పుడు ముందు తలుపు తీస్తే పై కాలువలోకి సాగిపోతుంది.

ఈ ఉపాయంతోనే గోదావరి పైభాగాన్ని గెలవవచ్చునని ఆయన అంచనా. బేరారులో, వార్ధా లోయలో పత్తి విస్తారంగా పండేది. అది బొంబాయికో కోస్తాకో ఎడ్లబండ్ల మీద, ఎద్దుల మీద నెలల తరబడి వెళ్ళేది. కోస్తా నుండి ఉప్పు పైకి రావలసి ఉండేది. పత్తి దిగువకు, ఉప్పు ఎగువకు పడవల మీద నడిస్తే కాకినాడ రేవు వెలిగిపోతుందని లెక్క. దారి ఇది: రాజమండ్రి నుండి పాపికొండల మధ్యగా భద్రాచలం, దుమ్ముగూడెం, ఇంచంపల్లి దాటి కాళేశ్వరం. అక్కడ ఎడమచేతి వైపు మన గోదావరి, కుడిచేతి వైపు ప్రాణహిత. పడవలు కుడికి మళ్ళి, సిరొంచ పక్కగా ప్రాణహితలో పైకి పోయి వార్ధా నదిని చేరాలి. అంటే మంథని, రామగుండం రేవులకు ఆ దారి రాలేదు. పత్తి ప్రాణహిత వైపే ఉన్నది మరి.

ఆ దారికి మూడు చోట్ల రాళ్ళు అడ్డుపడ్డాయి. మొదటిది దుమ్ముగూడెం, రెండవది ఇంద్రావతి కలిసిన తరువాత ఇంచంపల్లి, మూడవది ప్రాణహితలో దేవలమర్రి. ఈ మూడు చోట్లా నది పరుపుబండల మీద విరుచుకుపడుతుంది. వానాకాలంలో సుడులు, ఎండాకాలంలో బండల మధ్య సన్నని పాయలు. ఒక్కొక్క చోట ఆనకట్ట కట్టి, పక్కనుండి కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవలను దాటించాలని పథకం. కాటన్ 1860 ప్రాంతంలో ఉద్యోగం వదలి ఇంగ్లండు వెళ్ళిపోగా, నదిమీద పని భారం కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరు మీద పడింది.

నది రెండు ఒడ్లూ అప్పటిదాకా నిజాం ప్రభుత్వానివి. పడవలు నడవాలంటే ఒడ్డున సుంకాలు ఉండరాదు. 1860 డిసెంబరులో కుదిరిన ఒడంబడికలో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషు వారికి వదిలివేశారు. భద్రాచలం, రేకపల్లి, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ అట్లా పోయినవే. గోదావరి మీద సరుకుకు సుంకం లేదని కూడా అందులోనే రాసుకున్నారు. సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా అని ఒక కొత్త జిల్లా వెలసి 1874 దాకా నడిచింది. తరువాత సిరొంచ చాందా జిల్లాలో చేరి, నేడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నది. ఒకే భాష మాట్లాడే రెండు ఒడ్ల పల్లెలు విడిపోయినప్పుడు వాటిని అడిగినవారు లేరు. పడవలు రాలేదు గానీ హద్దు మాత్రం నిలిచిపోయింది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి ఆగిపోయింది. లాంకషైరు మిల్లుదారులు బేరారు పత్తి కోసం గగ్గోలు పెట్టారు. గోదావరి పనికి ఊపు వచ్చిందంటే ఆ గగ్గోలు వల్లనే. మన ప్రాంతపు మేలు కోరి కాదు. అయినా పని సాగలేదు. నాలుగైదు నెలలు వరద. ఆ తరువాత అడవి జ్వరాలు. చుట్టుపక్కల కూలీలు దొరకరు, కోస్తా నుండి తెచ్చినవారు నిలవరు. దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, లాకులు లేచాయి గానీ మిగతా రెండు చోట్ల పథకం కొలిక్కి రాలేదు. ఇంతలో 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో ప్రభుత్వం నది పనులు మూసివేసింది. అప్పటికి సుమారు ఏడు లక్షల పౌన్లు నీళ్ళలో కలిశాయి.

చిత్రమేమంటే అదే 1871లో భూగర్భ శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు వద్ద బొగ్గు కనుగొన్నారు. అంతకు ముప్పయి ఏళ్ళ ముందే, 1841లో, సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున కోట గ్రామం వద్ద బొగ్గు ఉన్నదని డాక్టర్ వాకర్ తెలిపారు. కాటన్ పడవలు నడిచి ఉంటే మన బొగ్గు నీటి మీద కాకినాడకు వెళ్ళేదేమో! 1889లో ఇల్లెందులో తవ్వకం సాగేనాటికి బొగ్గుకూ రైలుకూ ముడి పడిపోయింది. 1929లో కాజీపేట – బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. రామగుండం గనుల బొగ్గు ఆ పట్టాల మీదనే వెళ్ళింది. పక్కనే గోదావరి ఊరక పారింది.

ఊరక పారడం వల్ల నదికి మేలే జరిగిందని ఈ వ్యాసకర్త నమ్మకం. పొగపడవలు తిరిగి, బండలు పేల్చి, రేవులు వెలిసి ఉంటే ఆ మడుగులు, ఇసుక తిన్నెలు, ఒడ్డు అడవులు నేటిదాకా మిగిలేవా? హేగ్ పనులు నడుస్తున్న కాలంలోనే బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త సిరొంచ, భద్రాచలం చుట్టుపక్కల కలివి కోడిని చూశారు. లోకమంతా వెతికినా తెలుగు నేల మీద తప్ప కానరాని పిట్ట అది. తరువాత గోదావరి లోయలో దాని జాడ లేదు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడింది. ఇతర జీవాలకు కొంత రక్షణ దొరికింది. మంథనికి ఎదురుగా, మంచిర్యాల జిల్లా ఒడ్డున ఉన్న శివ్వారం 1978లో మొసళ్ళ అభయారణ్యమయింది. కృష్ణజింకలున్న ప్రాణహిత అడవి 1980లో అభయారణ్యమయింది.

శివ్వారానికి ఇవతలి ఒడ్డున ఖాన్సాయిపేట వద్ద ఎల్ మడుగు ఉన్నది. గుట్టల మధ్య నది ఇరుకై లోతైన చోటు. ఎండాకాలంలోనూ నీరు ఇంకదు. మొసళ్ళకు అదే ఆధారం. తెడ్డు పడవలో అక్కడికి వెళ్ళినవారికి ఇంజను మోత లేకపోవడమే పెద్ద లాభం. నీటికాకులు బండల మీద రెక్కలు ఆరవేసుకుని కదలవు. ఒడ్డున ఎండ కాగుతున్న మొసలి మాత్రం పడవ నీడ పడకముందే చప్పుడు కాకుండా నీళ్ళలోకి జారిపోతుంది. ఇవి మగ్గర్ జాతివి. ఎండలు ముదిరే ముందు ఇసుకలో గుంట తీసి గుడ్లు పెడతాయి. రెండు నెలలకు పిల్లలు వస్తాయి. ఆ రెండు నెలలూ ఇసుక తడవరాదు, మనిషి కాలు పడరాదు. అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యం నీటిలో పడవ దింపరాదన్న నియమానికి కారణమూ ఇదే. 2019లో సుందిళ్ళ, అన్నారం, మేడిగడ్డ బ్యారేజీలు నీరు నిలపగా ఎన్నో ఇసుక తిన్నెలు మునిగాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభాలు కుంగిన తరువాత మూడింటిలోనూ నీటి నిలవ ఆపివేశారు. కాటన్ నాటి నుండీ ఈ నదిని ఆపడం కన్నా ఆపినదాన్ని నిలుపుకోవడమే కష్టంగా ఉన్నది.

కాటన్‌కు 1861లో సర్ బిరుదు వచ్చింది. గోదావరి పడవ దారి మూతపడినా ఆయన పట్టు వదలలేదు. భారతదేశపు నదులన్నింటినీ కాలువలతో కలిపి పడవలు నడపాలని పుస్తకాలు రాశారు, సభలలో వాదించారు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. కమిటీ మొగ్గు రైళ్ళ వైపే ఉన్నది. ముసలితనంలో డార్కింగ్ పట్టణంలోని ఇంట ఉండి, తోటలో లోతు దుక్కి దున్నించి గోధుమ దిగుబడి పెరుగుతుందేమోనని పరీక్షలు చేస్తూ గడిపారు. 1899 జూలై 24న, తొంభయ్యారు ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ధవళేశ్వరంలో ఆయన పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. 2008లో కేంద్ర ప్రభుత్వం గోదావరిని జాతీయ జలమార్గంగా ప్రకటించింది. అప్పట్లో అది రాజమండ్రి నుండి భద్రాచలం దాకానే. హేగ్ కట్టిన దుమ్ముగూడెం ఆనకట్ట దానికి పైన ఉన్నది.