అజ్ఞాత నాదశిల్పి – జేమ్స్ జేమర్సన్

పాట వినేవారి దృష్టి సాధారణంగా గాయకుని మీద నిలుస్తుంది. గాత్రమాధుర్యాన్ని మెచ్చుకుంటారు, సాహిత్యాన్ని గుర్తు పెట్టుకుంటారు. ఆ గానానికి వెనుక శ్రుతి పట్టిన తంబురను గాని, లయ నిలిపిన మృదంగాన్ని గాని ప్రత్యేకంగా తలచుకొనేవారు తక్కువ. అవి లేనినాడు మాత్రం కచేరీలో ఏదో వెలితి ఉన్నట్లు ప్రతి శ్రోతకూ తెలిసిపోతుంది. పాశ్చాత్య సంగీతంలో శ్రుతికి ఆధారంగానూ, లయకు తోడుగానూ నిలిచే వాద్యం బేస్ గిటారు. ఆ వాద్యాన్ని వాయించే తీరునే మార్చివేసి, కోట్లాది శ్రోతల చెవులకు చేరి కూడా, పన్నెండేళ్ళపాటు తాను వాయించిన రికార్డుల అట్టల మీద తన పేరును చూచుకోలేకపోయిన కళాకారుడు జేమ్స్ జేమర్సన్.

జేమర్సన్ 1936 జనవరి 29వ తేదీన అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో, ఛార్లెస్టన్ నగర సమీపాన ఉన్న ఎడిస్టో ద్వీపంలో జన్మించాడు. ఒకప్పుడు ప్రత్తితోటలకు ప్రసిద్ధి చెందిన ఆ ద్వీపంలో, బానిసలుగా తేబడిన ఆఫ్రికన్ల సంతతివారు తమ పాటలనూ, తాళగతులనూ తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చారు. నల్లవారికి వేరు పాఠశాల, వేరు ఆసనం, వేరు ద్వారం ఉన్న కాలమది. జేమర్సన్ బాల్యంలో కొంత భాగం అమ్మమ్మ ఇంట గడిచింది. ఆమె పియానో వాయించేది. ఆయన పినతల్లి చర్చి బృందంలో పాడేది. బాలుడు పియానో నేర్చుకొన్నాడు. రేడియోలో వచ్చే భక్తిగీతాలనూ, బ్లూస్, జాజ్ సంగీతాలనూ శ్రద్ధగా వినేవాడు. చిన్ననాట ఆయన ఒక పుల్లకు రబ్బరుబ్యాండు కట్టి, దానిని చీమలపుట్టలో గ్రుచ్చి, మీటి చీమలను నాట్యం చేయించేవాడని ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. తీగను మీటితే నేల కదలాలన్న ఆ పసివాని ఊహ తరువాతి జీవితంలో నిజమైంది.

1954లో ఆయన తల్లితో కలిసి ఉత్తరాన ఉన్న డెట్రాయిట్ నగరానికి వచ్చాడు. దక్షిణాది వివక్షనూ, పేదరికాన్నీ తప్పించుకొని లక్షలాది నల్లజాతి కుటుంబాలు ఉత్తరాది నగరాలకు తరలిపోతున్న రోజులవి. మోటారుకార్ల కర్మాగారాలు నిండిన డెట్రాయిట్‌లో పని దొరికేది. పనితోపాటు సాయంకాలాలలో సంగీతమూ దొరికేది. నార్త్‌వెస్టర్న్ ఉన్నత పాఠశాలలో జేమర్సన్‌కు డబుల్ బేస్ అనే వాద్యంతో పరిచయమైంది. ఆకారంలో వయొలిన్‌ను పోలి, నిలువెత్తు మనిషిని మించిన ఎత్తున్న ఆ వాద్యాన్ని నిలబడి వాయించాలి. దాని తీగలు లావుగా ఉంటాయి; వాటిని మీటడానికి వ్రేళ్ళలో బలం కావాలి. ఆ బలాన్ని ఆయన సాధించాడు. చదువు ముగిసేనాటికే నగరంలోని జాజ్, బ్లూస్ క్లబ్బులలో ఆయనకు మంచి పేరు వచ్చింది.

1959లో బెర్రీ గోర్డీ అనే యువకుడు తన కుటుంబ నిధి నుండి 800 డాలర్లు అప్పు తీసుకొని ఒక రికార్డుల సంస్థను స్థాపించాడు. అదే మోటౌన్ సంస్థ. అంతకుముందు కార్ల కర్మాగారంలో పనిచేసిన గోర్డీ, ఒక చోట చట్రం, మరొక చోట చక్రాలు అమర్చి చివరకు కారును బయటకు పంపే పద్ధతినే పాటల తయారీకి అన్వయించాడు. ఒక బృందం పాట వ్రాసేది, ఒక బృందం వాద్యసంగీతం సమకూర్చేది, గాయకులు పాడేవారు. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ అనే వీధిలోని ఒక సామాన్యమైన ఇంటిలో ఇదంతా జరిగేది. ఇరుకైన ఆ స్టూడియోను వాద్యకారులు పాముల గొయ్యి అని పరిహాసంగా పిలుచుకొనేవారు. ఆ గదిలో స్థిరంగా పనిచేసిన వాద్యబృందమే ఫంక్ బ్రదర్స్. ఆ బృందానికి పునాది జేమర్సన్.

జేమర్సన్ తొలి రికార్డులలో డబుల్ బేస్‌నే వాయించాడు. అప్పటికే లియో ఫెండర్ అనే కాలిఫోర్నియా యంత్రనిపుణుడు 1951లో ప్రెసిషన్ బేస్ అనే విద్యుత్ వాద్యాన్ని విపణిలోకి తెచ్చాడు. డబుల్ బేస్‌కు మెట్లు ఉండవు. స్వరస్థానాన్ని చెవితోనే వెదకి పట్టుకోవాలి. ఫెండర్ తన వాద్యానికి వీణకున్నట్లు మెట్లు అమర్చాడు. దానివల్ల స్వరం ఖచ్చితంగా పలికేది. ప్రెసిషన్, అంటే ఖచ్చితత్వం, అన్న పేరు అందుకే వచ్చింది. గిటారువలె మెడకు తగిలించుకొని వాయించగల ఈ వాద్యం డప్పుల హోరులో కూడా స్పష్టంగా వినిపించేది. 1960 దశకం ఆరంభంలో జేమర్సన్ ఈ కొత్త వాద్యానికి మారాడు. అయితే ఆయన దానిని గిటారుగా భావించలేదు. తన పాత డబుల్ బేస్‌కు తమ్ముడిగానే చూచాడు. ఆయన నాదంలోని ప్రత్యేకతకు మూలం ఇక్కడే ఉంది.

ఆయన చిరకాలం వాడినది 1962లో తయారైన ప్రెసిషన్ బేస్. మిత్రులు దానిని ఫంక్ మెషీన్ అని పిలిచేవారు. అది ఏ దుకాణంలోనైనా దొరికే మామూలు వాద్యమే. దానికి నునుపైన చుట్టు గల లావుపాటి తీగలు వేసి, వాటిని మెట్లకు బాగా ఎత్తుగా నిలిపి ఉంచాడు. అటువంటి తీగలను నొక్కడం ఇతరులకు కష్టమయ్యేది. తీగ తెగితే తప్ప ఆయన కొత్త తీగ వేసేవాడు కాదు. పాతబడిన తీగలో మెరుపు తగ్గుతుంది; గాంభీర్యం మిగులుతుంది. వీణకు గుర్రం ఉన్నట్లే బేస్ గిటారుకూ తీగలను మోసే భాగం ఒకటి ఉంటుంది. దానిపై లోహపు మూత, మూత లోపల ఒక స్పాంజి ముక్క ఉండేవి. ఆ ముక్క తీగలను తాకుతూ ఉండడంవల్ల స్వరం ఎక్కువసేపు మ్రోగక, చెప్పవలసినది చెప్పి వెంటనే అణగిపోయేది. చాలామంది ఆ మూతలను తీసి పారవేసేవారు. జేమర్సన్ వాటిని ఉంచుకొన్నాడు. క్లబ్బులలో ఆంపెగ్ యాంప్లిఫయరును వాడినా, స్టూడియోలో ఆయన వాద్యాన్ని నేరుగా ధ్వనిముద్రణ యంత్రానికే కలిపేవారు. నాదాన్ని అలంకరించే ఇతర పరికరాలేవీ మధ్యలో ఉండేవి కావు. గుండ్రంగా, వెచ్చగా, కొయ్య మీద తట్టినట్లు వినిపించే ఆ నాదం డబుల్ బేస్‌నే గుర్తుకు తెచ్చేది.

వాద్యం కంటె ఆశ్చర్యకరమైనది ఆయన వాదనపద్ధతి. బేస్ వాద్యకారులు సాధారణంగా కుడిచేతి రెండు వ్రేళ్ళను మార్చి మార్చి తీగలను మీటుతారు. జేమర్సన్ చూపుడువ్రేలు ఒక్కటే వాడేవాడు. కొక్కెంవలె వంగిన ఆ వ్రేలికి తోటివారు కొక్కెమనే పేరు పెట్టారు. వేగంగా సాగే స్వరసముదాయాలను సైతం ఆ ఒక్క వ్రేలే పలికించేది. ఒకే వ్రేలు, ఒకే బలం కావడంచేత స్వరాలన్నీ ఒకే తీరున నిండుగా పలికేవి. ఎడమచేతి పనిలోనూ ఆయన మార్గం వేరు. నొక్కకుండా విడిచిన తీగలను స్వరాల నడుమ వంతెనలుగా వాడుకొనేవాడు. ఒక ప్రధాన స్వరం నుండి మరొకదానికి వెళ్ళేటప్పుడు తిన్నగా దూకక, మధ్యనున్న అర్ధస్వరాల మీదుగా నడిచి వెళ్ళేవాడు. శ్రోత ఎదురుచూచిన చోట మౌనం వహించి, ఎదురుచూడని చోట స్వరం వేసేవాడు. అంతవరకు బేస్ అంటే ఒకటి రెండు మూలస్వరాలను పదే పదే మ్రోగించే వాద్యం. ఆయన చేతిలో అది పాట కింద మరొక పాటగా రూపొందింది. అయినా అది గాయకుని గొంతుకు అడ్డు వచ్చేది కాదు.

టెంప్టేషన్స్ బృందం పాడిన మై గర్ల్ అనే పాట ఆరంభంలో మొట్టమొదట వినిపించేది జేమర్సన్ బేస్ మాత్రమే. ఆ కొద్ది స్వరాలతోనే శ్రోత పాటను గుర్తుపడతాడు. అక్కడ ఆయన చూపినది నిగ్రహం. 1967లో స్టీవీ వండర్ పాడిన ఐ వజ్ మేడ్ టు లవ్ హర్, ఫోర్ టాప్స్ బృందం పాడిన బెర్నడెట్ అనే పాటలలో చూపినది చాతుర్యం. ఈ పాటలలో బేస్‌ను మాత్రమే వేరుచేసి విన్నా అది స్వయంసంపూర్ణమైన రచనలాగా తోస్తుంది. పలు సందర్భాలలో ఆయన ముందు ఉండేది స్వరమేళాల పట్టిక మాత్రమే. మిగిలినదంతా ఆయన అప్పటికప్పుడు అల్లినదే.

అమెరికా జనాదరణ పట్టికలో ప్రథమస్థానానికి చేరిన పాటలలో ముప్పైకి ఆయన సహకారం ఉందని పరిశీలకుల అంచనా. అయినా ఆ రికార్డులను కొన్నవారికి ఆయన ఎవరో తెలియదు. అట్టల మీద గాయకుల చిత్రాలు ఉండేవి. రచయితల పేర్లు ఉండేవి. వాద్యకారుల పేర్లు ఉండేవి కావు. వారికి మొదట పాటకు ఇంత అని, తరువాత వారానికి ఇంత అని వేతనం ముట్టేది. పాట ఎన్ని లక్షల ప్రతులు అమ్ముడైనా అందులో వాటా లేదు. పగలంతా స్టూడియోలో వాయించి, రాత్రివేళ తమ ఆనందం కోసమూ, అదనపు సంపాదన కోసమూ క్లబ్బులలో జాజ్ వాయించేవారు. 1971లో మార్విన్ గే రూపొందించిన వాట్స్ గోయింగ్ ఆన్ ఆల్బమ్ ఈ మౌనాన్ని భంగపరచింది. ప్రధానగీతానికి జేమర్సన్ వాద్యమే కావాలని పట్టుబట్టిన గే, ఆ రాత్రి ఆయనను వెదకి పిలిపించాడని, మద్యం మత్తులో కూర్చోలేని స్థితిలో ఆయన నేల మీద వెల్లకిల పడుకొని వాయించాడని చెప్పుకొంటారు. ఆ ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లతోపాటు జేమర్సన్ పేరు కూడా ప్రశంసాపూర్వకంగా అచ్చయింది.

గుర్తింపు వచ్చిన మరుసటి సంవత్సరమే ఆధారం కదలిపోయింది. 1972లో మోటౌన్ సంస్థ తన కార్యస్థానాన్ని లాస్ ఏంజెలిస్ నగరానికి మార్చింది. డెట్రాయిట్ వాద్యకారులలో అనేకులు ఉపాధి కోల్పోయారు. జేమర్సన్ కూడా పడమరకు వెళ్ళాడు. కాని అక్కడ కాలం మారింది. కొత్త నిర్మాతలకు మెరిసే కొత్త తీగల ధ్వని కావలసివచ్చింది. వ్రాసి ఇచ్చినదానిని వ్రాసినట్లే వాయించేవారు కావలసివచ్చారు. తీగలు మార్చడానికి ఆయన మనస్సు అంగీకరించలేదు. అప్పటికే పట్టుకొన్న మద్యపానవ్యసనం దేహాన్నీ, నమ్మకాన్నీ కూడా క్షీణింపజేసింది. పిలుపులు తగ్గాయి. ప్రతిభ ఎంతటిదైనా వ్యసనం ముందు దానికి మినహాయింపు లేదన్న సత్యం ఆయన జీవితంలోనూ రుజువైంది.

1983 మార్చిలో మోటౌన్ సంస్థ ఇరువదియైదవ వార్షికోత్సవం పేరిట పాసడీనాలో గొప్ప సభ జరిగింది. ఆయన నాదం మీద నిలబడిన పాటలు ఎన్నో ఆ వేదిక మీద పాడబడ్డాయి. జేమర్సన్‌కు ఆహ్వానం లేదు. టిక్కెట్టు కొనుక్కొని పై వరుసలో కూర్చొని ఆ సభను చూచాడు. ఆయన చివరి రోజులలో ఫంక్ మెషీన్‌ను ఎవరో దొంగిలించారు. అది మళ్ళీ ఆయన చేతికి రాలేదు. 1983 ఆగస్టు 2వ తేదీన, నలభై ఏడేళ్ళ వయస్సులో జేమర్సన్ కన్నుమూశాడు. ఆయన భౌతికకాయాన్ని డెట్రాయిట్‌లో ఖననం చేశారు.

ఆయన పేరు తెలియని కాలంలో కూడా ఆయన విద్య మాత్రం వ్యాపిస్తూనే ఉంది. అట్లాంటిక్ సముద్రానికి ఆవల, ఇంగ్లండులోని యువవాద్యకారులు మోటౌన్ రికార్డులను పదే పదే విని బేస్ వాదనం నేర్చుకొన్నారు. బీటిల్స్ బృందానికి చెందిన పాల్ మెకార్ట్‌నీ, లెడ్ జెపెలిన్ బృందానికి చెందిన జాన్ పాల్ జోన్స్ వారిలో ముఖ్యులు. ఈ విధంగా రాక్ సంగీతంలో బేస్‌కు ఏర్పడిన గౌరవస్థానంలో జేమర్సన్ భాగం పెద్దది. 1989లో ఆలన్ స్లట్‌స్కీ ఆయన జీవితాన్నీ, వాదనరీతినీ వివరించే గ్రంథాన్ని వెలువరించాడు. 2000 సంవత్సరంలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థ సహవాద్యకారులను మొదటిసారిగా సత్కరించినప్పుడు, ఆ తొలి జాబితాలో జేమర్సన్ పేరు చేరింది. 2002లో ఫంక్ బ్రదర్స్ కథ చలనచిత్రంగా వచ్చింది. 2004లో ఆ బృందానికి జీవితకాల సాధనకు గ్రామీ పురస్కారం లభించింది. 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక సార్వకాలిక బేస్ వాద్యకారుల జాబితాను ప్రకటించి, ఆయనకు ప్రథమస్థానం ఇచ్చింది. ఈ గౌరవాలలో ఒక్కటీ ఆయన కళ్ళారా చూడలేదు.

నేడు ఆయన నాదాన్ని అనుకరించదలచినవారు అటువంటి వాద్యాన్నే కొంటారు. అవే తీగలు వేస్తారు. స్పాంజి ముక్కను సైతం వెదకి అమర్చుకొంటారు. వస్తువులన్నీ దొరుకుతాయి గాని నాదం దొరకదు. అది ద్వీపంలో విన్న తాళగతుల నుండి, డబుల్ బేస్‌తో గట్టిపడిన వ్రేలి నుండి, తోటి కళాకారుని శ్వాసను కూడా వినగల చెవి నుండి పుట్టినది. పరికరం కళాకారునికి సాయపడుతుంది. కళాకారుని స్థానాన్ని మాత్రం తీసుకోలేదు.

జేమర్సన్ జీవితం సమాజానికి ఒక కర్తవ్యాన్ని కూడా గుర్తుచేస్తుంది. మెచ్చుకోలు శ్రమించినవానికి వినబడేటప్పుడే అందాలి. వేదిక మీద వెలుగులో నిలిచినవారితోపాటు, ఆ వేదికను భుజాన మోసినవారి పేర్లను కూడా అడిగి తెలుసుకోవడం రసజ్ఞుల ధర్మం. ఇకపై పాట వినేటప్పుడు గాత్రం అడుగున మెల్లగా నడుస్తున్న ఆ మంద్రస్వరాన్ని ఒక్క క్షణం చెవి యొగ్గి వింటే, పేరు దాచబడిన ఒక మనిషి అందులో స్పష్టంగా పలుకుతాడు.