బ్యాండు మేళం నుంచి నక్షత్రాల దాకా

విలియం హెర్షెల్ యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడని బడిలో అందరం చదువుకున్నాం. కానీ ఆయన మొదట మిలిటరీ బ్యాండు మనిషి. 1738లో జర్మనీలోని హనోవర్‌లో పుట్టాడు. తండ్రి హనోవర్ గార్డ్స్ బ్యాండులో వాద్యకారుడు. కొడుకు కూడా పద్నాలుగేళ్ళకే అందులో చేరి, ఓబో అనే ఊదే వాద్యం వాయించాడు. 1757లో హాస్టెన్‌బెక్ యుద్ధంలో వాళ్ళ పక్షం ఓడిపోయాక ఇంగ్లండు వెళ్ళిపోయాడు. డిశ్చార్జి కాగితం చేతికొచ్చింది మాత్రం 1762లో! ఆ మధ్య కాలం ఎలా గడిచి ఉంటుందో సర్వీసు చేసినవాళ్ళకి వేరే చెప్పాలా?

బాత్ పట్టణంలో చర్చిలో ఆర్గన్ వాయిస్తూ, పాఠాలు చెబుతూ స్థిరపడ్డాడు. 1772లో చెల్లెలు కరొలిన్‌ను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. మరుసటి ఏడు ఖగోళం పిచ్చి పట్టింది. అద్దెకు తెచ్చిన చిన్న టెలిస్కోపుతో తృప్తి కలగలేదు. ఇక తనే చేసుకోవాలనుకున్నాడు. ఆ రోజుల్లో అద్దమంటే గాజు కాదు, రాగి, తగరం కలిపి పోసిన లోహపు బిళ్ళ. దాన్ని చేత్తోనే సానపట్టాలి. ఒకసారి 16 గంటలు చెయ్యి తియ్యకుండా పాలిష్ చేస్తుంటే కరొలినే నోట్లో తిండి పెట్టింది.

1781 మార్చి 13 రాత్రి, సొంతంగా చేసుకున్న ఆరంగుళాల పైచిలుకు అద్దంతో పెరట్లోంచి చూస్తూ యురేనస్‌ను పట్టుకున్నాడు. మొదట తోకచుక్క అనుకున్నాడు. అదే ఆగస్టులో 3 అడుగుల అద్దం పోద్దామని ఇంట్లోనే కొలిమి పెట్టాడు. గుర్రపు లద్దె దంచి, జల్లించి మూస తయారుచేసిన ఓపిక కరొలిన్‌ది. మొదటి పోత చల్లారుతూ పగిలింది. రెండోసారి కరిగిన లోహం నేల మీదికి కారి, పరిచిన రాళ్ళు పేలి కప్పుదాకా ఎగిరాయి. ఎవరి ప్రాణాలూ పోలేదు, అదే గొప్ప.

1782లో జార్జి రాజు ఏడాదికి 200 పౌండ్లు ఇస్తాననగానే సంగీతం మానేశాడు. సంపాదన తగ్గింది, లెక్కచెయ్యలేదు. తర్వాత రాజుగారి 4,000 పౌండ్లతో స్లౌ అనే ఊళ్ళో, తన ఇంటి ఆవరణలోనే 40 అడుగుల టెలిస్కోపు కట్టాడు. 4 అడుగుల అద్దం, 1789కి పూర్తయింది. దాన్ని చూడ్డానికి జనం వచ్చేవారు. నన్నడిగితే అసలు పనిమంతురాలు అది కాదు, అంతకుముందటి 20 అడుగులదే. పెద్దదాన్ని తిప్పాలంటే మనుషులు కావాలి, అద్దం ఊరికే మసకబారేది. సుమారు 2,500 నెబ్యులాలు, నక్షత్ర గుచ్ఛాలు 20 అడుగులదానితో దొరికినవే. ఆయన చెబుతుంటే రాసుకున్నది కరొలిన్. 1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెత్తి, ఇనుప కొక్కెం తొడలో దిగినా, ఆమె దిగులంతా డ్యూటీ గురించే. ఆ తర్వాత కొన్ని రాత్రులు మబ్బు పట్టి, అన్నయ్య పనికి నష్టం రాలేదని ఊరట పడింది.

హెర్షెల్ 1822లో పోయాడు. పెద్ద టెలిస్కోపు చెక్క పుచ్చిపోవడంతో కొడుకు జాన్ దాన్ని దింపించాడు. 1839 ఆఖరి రాత్రి ఆ కుటుంబమంతా గొట్టంలోకి దూరి పాట పాడి దానికి వీడ్కోలు చెప్పింది.