వెన్నెలకంటి సుబ్బారావుగారి ఆంగ్లలేఖనము

వెన్నెలకంటి సుబ్బారావుగారు 1784 వ సంవత్సరమున ఒంగోలు ప్రాంతమున జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని గోలుపోయి, లేమిలో బెరిగి, ఆంగ్లభాషను పొట్టకూటి విద్యగా నేర్చిరి. 1801 లో ఆర్కాటు నవాబు సీమ కుంఫిణీవారి వశమగుటతో నెల్లూరు, ఒంగోలు ప్రాంతములందు లెక్కలను, అర్జీలను దొరలకు దెలియు భాషలో వ్రాయగలవారి యావశ్యకము హెచ్చెను. సుబ్బారావుగారు కచేరీలలో వ్రాయసపు బనితో మొదలిడి, ఊరూరు దిరిగి, కన్నడ జిల్లాలందు సైతము కొలువు చేసి, 1815 లో చెన్నపురి సదరు అదాలతు కోర్టున దుబాసీ పదవికి వచ్చిరి.

ఇప్పటివలె అంగడిలో నిఘంటువులు, వ్యాకరణములు దొరకు కాలము గాదది. క్యాంబెలు దొర తెనుగు వ్యాకరణము 1816 లోను, బ్రౌను దొర నిఘంటువు 1852 లోను వెలువడినవి. మొదటిది వచ్చునప్పటికే మన సుబ్బారావుగారు కోర్టున గుదిరియుండిరి. రెండవది వచ్చునప్పటికి వారు కీర్తిశేషులై పదుమూడేండ్లు గడచెను. కాగితమును చూచి, దొర మాటను విని, తప్పును దిద్దుకొని నేర్చిన విద్య వారిది. తెనుగుతోపాటు అరవము, కన్నడము, మహారాష్ట్రము, హిందూస్థానీ, పారసీకము వారికి వచ్చును. సదరు అదాలతు పై యపీళ్ల కోర్టు. చెన్నపురి రాజధానిలోని నానాభాషల కాగితములు అచటికి వచ్చుచుండెను. సిస్తు, ఇనాము, జమాబందీ యను మాటలకు ఆంగ్లమున సరియగు మాట పడనిచో తీర్పు తారుమారై, ఒకని మాన్యము పోవచ్చును. ఆ కలముపై నట్టి భారముండెను.

1820 లో చెన్నపురియందు పాఠశాలాపుస్తక సంఘ మేర్పడగా సుబ్బారావుగా రందు సభ్యులై, బడులలోని చదువు తీరునుగూర్చి ఆంగ్లమున నొక నివేదిక సమర్పించిరి. పిల్లలు పద్యములను వల్లించుటయే గాని వాని యర్థమెరుగరనియు, ఆంగ్లము నేర్చువారు సైతము వ్యాకరణజ్ఞానము లేక తప్పులతో వ్రాయుదురనియు, గురువులకే ఆ భాష చక్కగా రాదనియు వారు నిర్మొగమాటముగా దెలిపిరి. స్వభాషను అర్థముతో, వ్యాకరణముతో ముందుగా నేర్పవలెనని వారి మతము. ఈ సంగతిని మొదట చదివిననాడు మాకు తల వంగినది. మేమును ముప్పదియేండ్లకు పైగా బడిలో అమరమును, శబ్దములను వల్లె వేయించితిమి గదా! అర్థము పిదప తెలియునని సమాధానము చెప్పుకొంటిమి. కొందరికి తెలిసినది, పెక్కురకు తెలియలేదు.

మా మరిపెడ పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో నున్నది. ఇచటి బాలురు వాణిజ్యశాస్త్రము చదివి హైదరాబాదున బ్యాంకులలో, కంపెనీల లెక్కల శాఖలలో జేరుచున్నారు. వారిలో మా పూర్వశిష్యు డొకడు తాను వ్రాసిన యాంగ్లలేఖ ప్రతిని మాకు చూపెను. పెద్ద పెద్ద మాటలు వరుసగా నున్నవి, మర్యాదకు లోటు లేదు. కాని సొమ్ము ఎవరు ఎవరికి ఇయ్యవలెనో లేఖ చివరివరకు తెలియలేదు. తెనుగున మీ బాకీ యన్నచో మీరు మాకు ఇయ్యవలసినదియు గావచ్చును, మేము మీకు ఇయ్యవలసినదియు గావచ్చును. ఎదుటనున్నవాడు సందర్భమునుబట్టి గ్రహించును. ఆంగ్లమున ఆ రెండును వేరు మాటలు. మా శిష్యుడు తెనుగుమాటను మనసున నుంచుకొని ఆంగ్లమున దారి తప్పెను. అందువలన అతనికి కచేరిలో మాట వచ్చినది, ఆ యేడు జీతపు హెచ్చింపు నిలిచినది. లెక్కలలో నతడు దిట్ట. ఇచ్చువాడెవడు, పుచ్చుకొనువాడెవడు, ఎంత, ఎన్నటికి అను నాలుగు సంగతులను తెనుగున నాలుగు వాక్యములుగా ముందు వ్రాయుమని చెప్పితిమి. వ్రాయలేక తడబడెను. అతనికి తెనుగు చెప్పినది మేమే.

సుబ్బారావుగారు 1829 లో కొలువు విరమించిరి. తమ జీవితచరిత్రమును తామే ఆంగ్లమున వ్రాసికొని, 1839 లో స్వర్గస్థులైరి. తెనుగువారిలో స్వీయచరిత్ర రచించిన తొలివారిలో వారొకరు. వ్రాతప్రతి చిరకాల మింటనే యుండి, 1873 లో కుమారులైన వేంకటగోపాలరావుగారి పూనికచే చెన్నపురియందు ముద్రితమైనది. పిదప నొక శతాబ్దమునకు అక్కిరాజు రమాపతిరావుగారు దానిని తెనుగున పరివర్తించిరి. మా శిష్యునికి ఆ తెనుగుప్రతిని ముందుగా నిచ్చితిమి, ఆంగ్లప్రతిని పిదప చదువవచ్చునని.